సారు చేలో తుంచిన శనగాకు

పోయిన గురువారం ఆళ్లగడ్డలో కూరగాయల అంగళ్ళ మధ్య నడుస్తుంటే, ఒకామె శనగాకును చిన్న చిన్న కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు చుట్టి, తడిగుడ్డ మీద పేర్చి అమ్ముతూ కనిపించింది. నేను ఆగి, ఒక కట్ట చేతిలోకి తీసుకొని, వాసన చూసి, చిన్న కొన ఒకటి నోట్లో వేసుకొని, ఆమె ధర చెప్పగానే కట్టను తీసినచోటే పెట్టి వచ్చేశాను. ఇన్నేళ్ళలో శనగాకును కొన్నదాన్ని కాదు, ఈ వయసులో ఆ అలవాటు మొదలుపెట్టను. అయితే ఆ పులుపు నాలుక మీద ఉండగానే నాకు నవ్వొచ్చింది. బజారులో ఒంటరిగా నవ్వుకుంటూ పోయే ముసలిదాన్ని చూసి ఆమె ఏమనుకుందో గానీ, ఇదే ఆకును ఒడి నిండా తుంచుకున్నందుకు నా కూతురి చదువు ఆగిపోతుందేమోనని నేను హడలిపోయిన కాలం ఒకటి ఉంది.

మన ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, తర్వాతి వాళ్ళ కోసం ఒక మాట చెప్పి ముందుకు పోతాను. పప్పుశనగ విత్తిన నెల దాటాక, మొక్క జానెడు లేచినప్పుడు, దాని కొనలు తుంచాలి. తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది, కొమ్మకొమ్మకూ పూత పడుతుంది. ఆ పనికి రైతు కూలి ఇవ్వడు, మనం అడగం, తుంచిన చిగురు తుంచినవాళ్ళది. అందుకని మా పక్క ఏ చేనైనా సరే, దారిన పోయే ఆడమనిషి గట్టు దిగి, ఒడి నింపుకొని పోతే ఎవరూ ఏమనేవాళ్ళు కారు. పైపెచ్చు మా ఊరి పెద్దరైతు ఒకాయన, మేము అటుగా పోవడం ఆలస్యమైతే, ఈ ఏడు నా చేను మీ కంటికి ఆనలేదా అని నిష్ఠూరంగా కబురు పెట్టేవాడు.

మాది ఆళ్లగడ్డ అవతల ఐదారు మైళ్ళ పల్లె, కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇల్లు. నేను మూడో తరగతి దాకా చదివాను. మిగిలిన అక్షరాలు బైబిలు పట్టుకొని, గుళ్ళో పాటల పుస్తకం పట్టుకొని కూడబలుక్కుంటూ నేర్చుకున్నవి. నా పెద్దకూతురు మాత్రం ఆళ్లగడ్డలో డిగ్రీ పూర్తిచేసి, మొక్కల శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతానని నంద్యాలలో సీటు తెచ్చుకుంది. మా వంశంలో అంతదూరం చదివినవాళ్ళు లేరు, ఆ చదువు పేరు సరిగ్గా పలకగలిగినవాళ్ళు కూడా లేరు.

అట్లాంటి పిల్ల మొదటి నెలలోనే రెండుసార్లు పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేసింది. హాస్టలు అన్నం సయించలేదని ఒకసారి, తలనొప్పి తగ్గడం లేదని ఒకసారి. అసలు సంగతి నాకు తెలుసు. క్లాసులో అంతా టౌను పిల్లలు, వీధికొక షాపు చూసి పెరిగినవాళ్ళు. నోరు తెరిస్తే తన మాటకు నవ్వుతారేమోనని ఈమె నోరే తెరిచేది కాదట. మూడోసారి వస్తే ఇక పంపేది లేదని మా ఇంటాయన తేల్చి చెప్పాడు. ఆ మాట ఆయన బాధతోనే అన్నాడు గానీ, అన్నమాట మీద నిలబడే మనిషి. అందుకని నేనే రెండు గిన్నెలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, సంచెడు జొన్నపిండి, చాప మూటగట్టుకొని, పిల్ల వెంట బస్సెక్కి, నంద్యాలలో ఒక సందులో మేడ మీద గది తీసుకొని దిగాను.

పట్నంలో కుదురుకోవడం దానికి కష్టమని నేను పోతే, నాకే కష్టమైంది. నలుగురి మొహాలు చూడాలంటే కొళాయికి నీళ్ళు వచ్చే వేళకు బిందె పట్టుకొని నిలబడాలి, తర్వాత ఎవరి తలుపు వాళ్ళది. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు తొలిచిన నీళ్ళతో మెట్లు కడుగుతుంటే కింద ఉన్న, మాకు గది బాడిగకిచ్చిన ఇంటామె నన్ను వింతగా చూసేది. కరివేపాకు కూడా కొనుక్కోవాలని తెలిసిన రోజున నేను కరివేపాకు మానేశాను. నాకు తోచడం లేదని పిల్లకు తెలియనిచ్చేదాన్ని కాదు, తనకు తోచడం లేదని పిల్ల నాకు తెలియనిచ్చేది కాదు. ఇద్దరం ఒకరికోసం ఒకరం బింకంగా ఉండేవాళ్ళం.

ఆదివారం మాత్రం ఆ బింకం అక్కర్లేకపోయేది. గుళ్ళో ఆరాధన అయ్యాక, గది దగ్గరికి కూడా పోకుండా, జొన్నరొట్టెలు, కారంగా నూరిన ఊరిమిండి పచ్చడి, సీసాలో మజ్జిగ సంచిలో వేసుకొని, ఊరు దాటి కుందూ ఏటి గట్టు మీదికి నడిచేవాళ్ళం. ఆటో ఎక్కుదామని పిల్ల ఒకసారి అంది, దేవుడిచ్చిన కాళ్ళు ఎందుకున్నాయని నేను అడిగాక మళ్ళీ అనలేదు. ఇళ్ళు అయిపోయి నల్లరేగడి మొదలయ్యేసరికి దాని నడక మారేది, గొంతు లేచేది. తుమ్మచెట్టు మీద పిట్టగూడు, గట్టు వారన మొలిచిన ఆకు, అన్నిటికీ పేర్లు చెప్పేది, వాటికి ఇంగ్లీషు కాని ఇంకేదో భాషలో కూడా పేర్లు చెప్పేది. వారమంతా మూగగా ఉన్న పిల్ల అక్కడ గలగలా మాట్లాడుతుంటే, ఈ గట్టు మీదే కాలేజీ కట్టించి ఉంటే ఎంత బాగుండేదని అనుకునేదాన్ని.

చలి ముదిరిన ఒక ఆదివారం, ఆ గట్టు కింద ఏపుగా లేచిన శనగచేను నా కంటబడింది. మొక్క సరిగ్గా తుంచే అదనులో ఉంది. అప్పటికి రెండు నెలలుగా ఆకుకూర పిడికెడు పిడికెడుగా కొంటున్నదాన్ని, నా చేతులు ఆగలేదు. చేలో అక్కడక్కడా ఇనుప చువ్వలకు రేకు చీటీలు కట్టి ఉన్న మాట నిజమే, కానీ మా పక్క విత్తనాలు అమ్మేవాళ్ళు కూడా చేలలో బోర్డులు పాతుతారు, అట్లాంటివే అనుకున్నాను. పిల్ల ఏటివైపు తిరిగి కూర్చొని లకుముకి పిట్టను చూస్తోంది. నేను దిగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు సాళ్ళు, ఒక్క కొన వదలకుండా తుంచాను. సగం పని చేసి లేవడం నాకు చేతకాదు. గుడికి కట్టిన తెల్లచీర ఒడి ఆకు పులుసు అంటి మరకలైంది గానీ, ఆ సాయంత్రం వండిన శనగాకు పప్పు తిని పిల్ల రెండోసారి అన్నం అడిగింది. ఇంటామెకు కూడా ఒక గిన్నెడు పంపాను. మిగిలింది చాప మీద ఎండబెట్టాను.

మంగళవారం మధ్యాహ్నం పిల్ల కాలేజీ నుంచి వేళగాని వేళ వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి, ఆ చాపవైపు చూసింది.

"మా, ఈ ఆకు యాడిది?"

"యాడిదేంది, మొన్న ఏటిగట్టు కింద తుంచింది. నువ్వూ తింటివి గదా."

అది అక్కడే కూలబడింది. అక్కడి నుంచే సంగతంతా చెప్పింది. ఆ చేను వాళ్ళ సారుదట. పలురకాల విత్తనాలు తెచ్చి, సాలుకొక రకం వేసి, ఏది ఎట్లా కాస్తుందో చూడటానికి ఒక రైతు దగ్గర గుత్తకు తీసుకున్నాడట. వాటిని ఎవరూ ముట్టకూడదట. రెండు సాళ్ళకు తలలు లేవని చూసి ఆయన క్లాసులో పాఠమే చెప్పలేకపోయాడట. ఆ రైతేమో, ఇది మిడుతూరు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చే ముసలాయన పనేనని, ఆయన మొత్తుకుంటున్నా వినకుండా, ఆయన గొంగడి గుంజుకొని ఇంట్లో పెట్టుకున్నాడట.

"ఇంక నేను కాలేజీకి పోనుమా," అంది పిల్ల.

నాకు ముందు కోపం వచ్చింది. కొనలు తుంచితే చేను పాడవుతుందా, అంత చదివినవాళ్ళకు ఆ మాత్రం తెలియదా అని ఒంటికాలిమీద లేచాను. తర్వాత, మీ దగ్గర దాచడం దేనికి, నోరు మూసుకుందామనే ఆలోచన కూడా వచ్చింది. మమ్మల్ని చూసినవాళ్ళు లేరు. చెబితే పిల్ల సీటు పోతుంది, సీటు పోతే ఇంటాయన మాట ఉండనే ఉంది. కానీ రొట్టె తడుతున్నంతసేపూ ఆ గొంగడే కళ్ళముందు ఆడింది. గొర్రెల వెంట ఆరుబయట పడుకునే మనిషికి ఆ చలిలో గొంగడి తప్ప ఇంకేం ఉంటుంది. పొయ్యి మీది రొట్టె మాడింది. నా చేతిలో రొట్టె మాడటం అదే మొదలు.

చివరికి నేనొక ఉపాయం ఆలోచించాను. నేను పోయి ఒప్పుకుంటాను, నువ్వు నా కూతురివని మాత్రం చెప్పవద్దు, ఏ ఊరిదో ఒక కూలిమనిషి తుంచిందనుకుంటారు, నీ చదువుకు మచ్చ రాదు అని పిల్లకు గట్టిగా చెప్పాను.

మర్నాడు కాలేజీ వరండాలో సారు పిల్లలతో నిలబడి ఉన్నప్పుడు పోయి, చెప్పులు విడిచి, నేనే తుంచాను, గొర్రెలాయనది తప్పు లేదు అన్నాను. ఆయన బక్కగా, కళ్ళద్దాలతో, కోపం రావడం అలవాటు లేని మనిషిలా ఉన్నాడు. ఏ ఊరమ్మా నీది, ఆ గట్టు మీద నీకేం పని అని అడిగాడు. నేను దానికి జవాబు ఆలోచించుకొని రాలేదు. అప్పుడు వెనక వరసలో నుంచి నా కూతురు ముందుకొచ్చింది. మూడు నెలల్లో ఆ కాలేజీలో అది నోరు తెరవడం అదే మొదటిసారి, అదీ అచ్చం మా ఇంటి భాషలో.

"ఆమె మా యమ్మ సార్. ఆడికి పిలుచుకపోయింది నేనే. మా పక్క శనగచేలో కొనలు తుంచేదానికి ఎవురూ ఎవుర్నీ అడగరు. చేనుకు మంచిదనే తుంచింది. మీరు నన్నేమన్నా అనండి, ముందు ఆ తాత గొంగడి ఇప్పీయండి సార్."

ఆ మాటకు ఒక్కరూ నవ్వలేదు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకొని నన్నడిగాడు.

"రెండు సాళ్ళే ఎందుకు తుంచినావమ్మా? మూడోది ఎందుకు వదిలిపెట్టినావు?"

"ఒడి నిండింది సార్."

అప్పుడు నవ్వారు, అందరికంటే ముందు ఆయనే. నవ్వు అయిపోయాక చాలాసేపు మందలించాడు. ఆ విత్తనం కూడబెట్టడానికి ఎంత తిరిగాడో, ఆ రెండు రకాల లెక్క ఈ ఏటికి ఎట్లా చెడిందో వివరంగా చెప్పాడు. నేను తల వంచుకొని విన్నాను, అది వినవలసిన మాటే. తర్వాత శిక్ష వేశాడు. పంట కోసేదాకా ప్రతి ఆదివారం తల్లీకూతుళ్ళు ఆ చేను కాపలా కాయాలి, తుంచిన సాళ్ళలో మొక్కకు ఎన్ని కొమ్మలు లేచాయో నా కూతురు లెక్కపెట్టి రాయాలి. ఆదివారం ఏటిగట్టుకు పోవడం శిక్ష అయితే, అట్లాంటి శిక్షలు ఇంకో నాలుగు వేసినా పడతామని మనసులో అనుకున్నాను గానీ, మొహం మాత్రం దిగాలుగానే పెట్టుకున్నాను.

గొంగడి ఆ సాయంత్రమే ముసలాయనకు చేరింది. తర్వాతి ఆదివారం ఆయన గట్టు మీద ఎదురుపడి, "ఏమ్మా, తినింది నువ్వు, పేరొచ్చింది నా గొర్రెలకా," అన్నాడు. రెండు రొట్టెలు చేతిలో పెట్టాను. తిన్నాక ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ వారం మేమిద్దరమే కూర్చున్నాం. పై వారానికి క్లాసు పిల్లలు ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు, ఆ పైన నలుగురైదుగురు. రేగడిగడ్డల మీద ఎట్లా నడవాలో తెలియని టౌను పిల్లలు, చెప్పులు చేత పట్టుకొని, ఊరిమిండికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, ఇంకొంచెం వెయ్యమని అడిగేవాళ్ళు. నా కూతురు వాళ్ళ మీద పెత్తనం చేసేది, ఆ సాలు తొక్కద్దండే, ఈడ కూకోండి అని. ఆ పిల్లలు దాని మాటను సరదాగా నేర్చుకొని కాలేజీలో కూడా అట్లాగే పిలుచుకునేవాళ్ళట. చేను పూతకొచ్చి కాయపట్టేలోపల, ఏ సందులో పాత పుస్తకాలు దొరుకుతాయో, ఏ అంగట్లో ఎవరిని ఏమని పిలవాలో నాకే చెప్పేంతగా అది నంద్యాల మనిషైపోయింది.

కోత రోజున సారు కాయలు లెక్కపెట్టించి, గింజలు తూకం వేయించాడు. నా రెండు సాళ్ళు పక్కవాటికంటే ఒత్తుగా కాశాయి, నేను కళ్ళారా చూశాను. ఆ మాటే ఆయనతో అంటే, రెండు సాళ్ళతో ఏమీ తేలదమ్మా అన్నాడు. నాకు తేలింది సార్ అన్నాను. ఇప్పటికీ నాది అదే మాట.

ఆ మర్నాడు పిల్ల జడ అల్లుకుంటూ, వచ్చే ఆదివారం క్లాసు వాళ్ళందరూ కలిసి యాగంటి కొండల్లో మొక్కలు చూడటానికి పోతున్నారని చెప్పింది. నేను వెంటనే ఎన్ని రొట్టెలు చేయాలో అడిగాను. అది అద్దంలోనే నన్ను చూసింది.

"నువ్వు రావద్దులేమా. మేం పోయొస్తాం." జడ కొస ముడేసుకొని మళ్ళీ అంది. "ఇంటికాడ నాయన ఒక్కడే వండుకోని తింటాండాడు. నువ్వు పోమా. నేను ఉంటా ఈడ."

గదిలోకి ఇద్దరు స్నేహితురాళ్ళు వస్తారని, స్టవ్వు మాత్రం ఉంచి పొమ్మని కూడా అంది, అన్నీ ముందే మాట్లాడి పెట్టుకున్నట్టుంది. లైటు ఊరికే వెలగనివ్వద్దని, స్టవ్వు వత్తి అరుగుతోంది చూసుకొమ్మని, నీళ్ళు పారబోయద్దని చెప్పవలసినవన్నీ చెప్పి, ఒక గిన్నె, చాప చంకన పెట్టుకొని ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారంతా కిటికీ పక్కన కూర్చొని, ఆరు నెలలకే నన్ను సాగనంపిందని కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. పక్కనున్న ఆమెతో, మా పిల్ల నంద్యాలలో ఎమ్మెస్సీ చదువుతోందని, ఒక్కతే ఉంటుందని, ఆమె అడక్కుండానే చెప్పాను.

ఆ పిల్లే ఇప్పుడు కోయిలకుంట్లలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఇప్పటి పిల్లలు ఏ ఊళ్ళో దిగినా ఆ పూటకే ఆ ఊరివాళ్ళైపోతారు. గది, తిండి, దారి, తోడు అన్నీ ఫోనులోనే కుదిరిపోతాయి. వెంట ఎవరూ పోనక్కర్లేదు. ఖర్చు మిగులుతుంది, కాలం మిగులుతుంది, నేను కాదనను. కానీ ఒక మనిషి వెంట అంతదూరం పోయి, వాళ్ళ కాళ్ళు నేలకు ఆనేదాకా పక్కన ఉండి, ఇంక నువ్వు పో అమ్మా, నేను ఉండగలను అని వాళ్ళ నోటనే చెప్పించుకొని తిరిగొచ్చే భాగ్యం ఈ కాలపు తల్లులకు దొరకడం లేదు. నాకు అది దొరికింది, అంతకంటే మంచి మాట ఆ తర్వాత నాతో ఎవరూ అనలేదు.