పారేసే పెట్టె బరువు

రాళ్ళు చెక్కేవాళ్ళనూ, కొట్టేవాళ్ళనూ, తూకమేసి అమ్మేవాళ్ళనూ నా తిరుగుళ్ళలో చాలామందిని చూశాను. రాయికి నీళ్ళు తాగించి, ఎంతసేపట్లో తాగిందో రాసుకునే మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆవిడ పక్క వాటాలో ఆరునెలలు అద్దెకున్నాను. ఆవిడ పనిచేసే పరీక్షాశాలలో అందరూ ఆవిణ్ణి చుక్కలమ్మ అనేవాళ్ళు.

బోరు వేసేవాళ్ళు భూమిలోంచి రాతిని కడ్డీల్లా తీసి పంపుతారు. చుక్కలమ్మ అందులో బొటనవేలంత ముక్క కోసి, రబ్బరు తొడుగులో బిగించి, ఒక చివర నీళ్ళు ఒత్తిపెట్టి, రెండో చివర చుక్క రాలేదాకా కూర్చుంటుంది. ఒక్కోసారి పూట పడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే కూర్చోవడం, అదే నడుంనొప్పి. మట్టికుండ చెమర్చకపోతే లోపలి నీళ్ళు చల్లబడవని ఒక కుమ్మరి నాకు అరపూట వివరించాడు. అది వేరే ఊరు, వేరే కథ.

ఇక్కడి పథకం ఏమిటంటే, ఎండాకాలపు వేడిని నీళ్ళకెక్కించి, ఆ నీళ్ళను లోపలి రాతిపొరలో దాచి, చలికాలంలో తోడుకుని ఇళ్ళు వెచ్చచేసుకోవడం. రాయి మరీ బిగువైతే నీళ్ళు దిగవు. మరీ వదులైతే దిగిన వేడి ఎటో పోతుంది. మొదటిదాన్ని ఆవిడ "ఒట్టు పెట్టుకున్న రాయి" అనేది, రెండోదాన్ని "తాగుబోతు" అనేది.

మొదటి బోరుకు రాయి సరిపోతుందని సంతకం పెట్టింది ఆవిడే. దాని వేడి వెళ్ళవలసింది వాళ్ళక్క ఉండే క్వార్టర్లకు. అక్క కీళ్ళనొప్పుల మనిషి. రెండు చలికాలాలు గడిచినా గొట్టాల్లోకి గోరువెచ్చటి నీళ్ళే వచ్చాయి.

"ఏమే, నీ తాగుబోతులు మా వేడంతా తాగేశారా?" అనేది అక్క.

"పరీక్షలో బాగానే ఉంది అక్కా. ఏమైందో తెలీట్లేదు."

రెండో బోరు రాళ్ళొచ్చాయి. తొడుగులో బిగిసేది విరగని ముక్కే కాబట్టి, విరిగినవాటిని పక్కపెట్టెలో పడేయడం అక్కడి అలవాటు. కొత్తవాళ్ళకు ఆ అలవాటు నేర్పింది కూడా చుక్కలమ్మే. ఒక మధ్యాహ్నం క్యారేజీ పెట్టుకోవడానికి చోటు లేక ఆ పెట్టెను జరపబోయింది. అది కదల్లేదు. మంచి ముక్కల పెట్టెను ఒంటిచేత్తో జరిపింది. అంటే వచ్చిన రాయిలో ఎక్కువ భాగం పారేసే పెట్టెలోనే ఉంది. అప్పుడు గోడౌనుకు వెళ్ళి మొదటి బోరు పెట్టెలు కూడా కదిపి చూసింది. వాటి సంగతీ అంతే. ఆ పూట క్యారేజీ విప్పలేదు.

రెండు రోజులు విరిగిన ముక్కలను అతికేలా పేర్చి, టేపు చుట్టి, తొడుగులో బిగించింది. స్టూలు లాక్కుని కూర్చునేలోపే అటువైపు నీళ్ళు ధారకట్టాయి.

పథకం ఇంజనీరు తల పట్టుకున్నాడు. "మిషను దెబ్బకు విరిగాయేమోనమ్మా?"

"విరిగిన ముఖం మీద తుప్పు మరక చూడండి సార్. మిషను మొన్న విరగ్గొడితే తుప్పెప్పుడు పట్టింది? ఇవి లోపలుండగానే పగిలినవి. వేడి పోయేది వీటి గుండానే."

"ఇది రాస్తే వేరే పొర వెతకాలి. ఏడాది పోతుంది. మీకా, ఇంకో మూడునెలల్లో రిటైర్మెంటు. పాత బోరు తప్పు కూడా మీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీండి. నాదే కదా." నడుం పట్టేసి, కుర్చీలోంచి రెండో ప్రయత్నానికి లేచింది. రిపోర్టులో రెండు బోర్ల సంగతీ రాసింది.

ఆ ఆదివారం అక్క దగ్గరికి బయల్దేరింది. కొత్త రజాయి మోయడానికి నేనూ వెంట వెళ్ళాను. అక్క రెండు స్వెట్టర్లేసుకుని మంచం మీద ముడుచుకుని ఉంది.

"అక్కా, ఈ చలికాలమూ వేడి రాదు. వచ్చే ఏడూ అనుమానమే. తప్పు నాదే."

జరిగిందంతా విని అక్క చేయి చాపి గోడ మీది చల్లటి గొట్టాన్ని తడిమింది.

"ఇరవై తొమ్మిదేళ్ళు చుక్కలు లెక్కపెట్టావు. ఒక్కసారన్నా పెట్టె జరపలేదుటే?"

"జరపలేదు."

"మొద్దుమొహమా! ఆ కాళ్ళిటు పెట్టు. ఇంత చల్లగానా, నీ రాళ్ళే నయం." అక్క రజాయి సగం చెల్లెలి కాళ్ళ మీదికి లాగి, ఇంకా ఏదో తిట్టబోయింది. చుక్కలమ్మ అప్పటికే మంచం చివర గోడకు ఆనుకుని, చెప్పులు కూడా విప్పకుండా నిద్రపోయింది.