రేడియేటర్‌లో తెల్ల నీళ్లు

ఆ జీపు ఇంజను నేను కాల్చలేదు. కాల్చానని చెప్పి నన్ను స్టీరింగు ముందునుంచి దింపేశారు. ఆ తర్వాత తాండూరులో ఏ బండీ నా చేతికి ఇవ్వలేదు.

నలభై ఏళ్లు దాటిన మాట ఇది. వికారాబాదులో మా బావకు ఒంట్లో బాగాలేదు, ఒకసారి చూసి రమ్మని బిడ్డ పోరుపెడితే మొన్న అల్లుడి కారులో బయలుదేరాను. అనంతగిరి గుట్ట ఎక్కుతుండగా ముందునుంచి గుప్పున ఆవిరి లేచింది. తాడు కట్టించి వికారాబాదులో ఒక షెడ్డుకు చేర్చాం. అక్కడి మెకానిక్కు గడ్డం నిమురుకుంటూ ఒక డబ్బా తెచ్చి పెట్టాడు.

"నీళ్లే కలపని కొత్త కూలెంట్ చాచా. గిది పోస్తె ఏ గుట్టెక్కినా బండి మసలదు, ఫికర్ చెయ్యకు."

అల్లుడు సరేనని తలూపాడు. నేను మాత్రం ముందు లోపలిది ఖాళీ చెయ్యమన్నాను. తెల్లగా వచ్చింది. ఏళ్ల తరబడి ఇంటి బోరు నీళ్లే పోస్తున్నాడట మా అల్లుడు మహానుభావుడు! సున్నంతో పూడుకుపోయిన రేడియేటర్‌లో ఏ రంగు ద్రవం పోస్తే ఏం లాభం, అది తిరగడానికి దారంటూ ఉండాలి కదా? మంచి కూలెంటు తుప్పు పట్టనివ్వదు, తొందరగా మరగదు, అంతవరకే. మూసుకుపోయిన దారిని అది తెరవదు. ఈ సంగతి నాకు ఏ పంతులూ చెప్పలేదు. నాలుగో తరగతితో బడి మానేసిన నేను, జీపుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక వానాకాలమంతా ఒక్కో మాటా కూడబలుక్కుంటే తెలిసింది.

అప్పట్లో నేను ఒక నాపరాయి గని షావుకారుకు జీపు నడిపేవాణ్ణి. గని గుంటలో నీళ్లు రాతిపొడి కలిసి పాలలా ఉండేవి, డ్రైవర్లందరూ అవే పోసేవారు. నేను రేకుల కప్పు మీంచి జారే వాన నీళ్లు డబ్బాల్లో పట్టి దాచుకుని, వాటిలో ఇనుము చెక్కే లేతు మిషన్ల దగ్గర వాడే నూనె కాస్త కలిపి పోసేవాణ్ణి. తుప్పు పట్టనివ్వని ఆ నూనె కలిస్తే నీళ్లు తెల్లబడతాయి. మండు వేసవిలో కూడా నా జీపు ఒక్కసారీ మసలలేదు. పుస్తకం పట్టుకుంటానని నాకు పంతులని పేరు పెట్టిన తోటివాళ్లు మాత్రం వదిలేవారా?

"అరే, పంతులు బండికి పాలు తాపుతుండ్రో! జర నెయ్యి గూడ పొయ్యరాదు!"

నేనూ వాళ్లతోపాటే నవ్వేవాణ్ణి, లోపల గర్వంగానే ఉండేది.

మా బావ, అంటే అక్క భర్త, ఆ గనిలోనే గుమాస్తా. నన్ను ఆ పనిలో పెట్టించిందీ ఆయనే. నాకు జ్వరం వచ్చి మంచాన పడిన నాలుగు రోజులూ జీపు ఆయనే తిప్పాడు. ఐదోనాడు షావుకారును రైలుకు అందించడానికి నేను వికారాబాదు బయలుదేరితే, అదే అనంతగిరి గుట్ట మీద వేడి చూపే సూది పైకి పోయింది. ఆపుతానంటే రైలు తప్పుతుందని షావుకారు ఆపనివ్వలేదు. కాసేపటికి ఇంజను పట్టేసి ఆగిపోయింది. విప్పి చూస్తే రేడియేటర్ నిండా తెల్లటి నీళ్లు. కబురందుకుని వచ్చిన బావ అందరి ముందూ అన్నాడు:

"పుస్తకాలు జూసి ఏందేందో కలుపుతడు సేటూ. నేను మొదట్నుంచి వద్దంటనే ఉన్న."

నా నూనె నీళ్లూ తెలుపే, గని నీళ్లూ తెలుపే. తేడా ఒక్కటే, నూనె నీళ్లు ఎంతసేపైనా అలాగే ఉంటాయి, రాతిపొడి అడుక్కు దిగుతుంది. ఒక్క గ్లాసులో పోసి రేపటిదాకా ఉంచమని బావ ఎదుటే షావుకారును బతిమాలాను. ఎవరూ ఆగలేదు. ఆ నీళ్లు అక్కడే మట్టిలో పారబోశారు.

మిగిలిన బతుకంతా పాలిషింగు యూనిట్లో బండలు కడుగుతూ గడిచింది. బావను ఒకసారి అడిగితే మాట మార్చాడు. ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. అక్క పోయిన రోజు కూడా వాకిట్లోనే నిలబడి తిరిగి వచ్చేశాను. మొదట్లో కోపంతో అన్నం సయించేది కాదు. పోను పోను అదీ మొద్దుబారింది. ఒకే పక్కకు ఒత్తిగిలి పడుకున్నప్పుడు తిమ్మిరెక్కిన చెయ్యిలా, నాదేనని తెలుసు, గిల్లితే మాత్రం తెలియదు.

మొన్న షెడ్డులో రేడియేటర్ కడిగించి, మామూలు కూలెంటునే శుద్ధమైన నీళ్లతో కలిపి పోయించేసరికి మూడు గంటలు పట్టింది. అందాకా, తీసిన నీళ్లు ఒక సీసాలో పట్టి బల్ల మీద పెట్టుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. ఇప్పటి బండ్లు వేడెక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, ఎవరికో ఫోన్ చేస్తారు, మూత ఎత్తి లోపల ఏముందో చూద్దామని ఎవరికీ అనిపించదు. నీళ్లు తేటపడేదాకా కూర్చునే ఓపిక ఆనాడు షావుకారుకు లేదు, ఈనాడు అల్లుడికీ లేదు. మా తరంలో పనికిరాకుండా మిగిలిపోయిన వస్తువుల్లో అదొకటి కాబోలు. లేచేసరికి పైన తేట నీళ్లు, అడుగున వేలెడు మందాన తెల్లటి మడ్డి.

ఆ సీసాను కదలకుండా ఒళ్లో పట్టుకుని వెళ్లి, మంచం మీద కూర్చున్న బావ ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తగిలించుకుని, సీసా అడుగునున్న మడ్డి మీద వేలు పెట్టాడు.

"గని నీళ్లే పోసిన బామ్మర్దీ. గప్పుడే ఎరుక నాకు. చెప్తె నా కొలువు పోతుండె, మీ అక్క, పిల్లలు రోడ్డు మీద పడుతుండ్రి. నువ్వు పుస్తకం సదివెటోనివి, ఎట్లయినా బతుకుతవనుకున్న."