నక్కల డేటాబేస్

ఆ రోజుల్లో సింగపూర్‌లో ఒక తెలుగువాడు ఇంకో తెలుగువాణ్ని కలిస్తే "ఏం చేస్తున్నారు?" అని అడిగేవాడు కాదు, "ఏ ప్లాట్‌ఫామ్?" అనేవాడు. అంతా సాఫ్ట్‌వేరే. నేనొక్కణ్ని మాత్రం విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో కూర్చుని, ఇండియా నుంచి వచ్చిన నక్కల నెత్తురుచుక్కల్ని, వాటి ఒంటిమీంచి తీసిన పిడుదుల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ పిడుదు కుట్టి ఏ జ్వరం అంటించిందా అని వెతికేవాణ్ని. చెప్పుకోడానికి సిగ్గేసి, ఎవరడిగినా "డేటాబేస్" అనేవాణ్ని. (పూర్తిగా అబద్ధం కాదు. ఏ నక్క మీద ఎన్ని పిడుదులో కంప్యూటర్లో పట్టిక వేసేది నేనే.)

క్లెమెంటిలో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ని. ఆంటీ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. తాతలనాటి విశాఖ యాసలో మలాయ్ మాటలు కలిపి మాట్లాడేది. గదిలో నాకు తోడు, అందరూ జావా బావ అని పిలిచే ప్రోగ్రామరు. ఆంటీకి తోడు, కాఫీరంగు చిన్న కుక్క కోపి.

ఒక ఆదివారం పొద్దున ఆంటీ కోపిని ఒళ్లో పెట్టుకుని దిగాలుగా కూర్చుంది. "నిన్నట్నుంచీ మకాన్ ముట్టలేదు బాబూ, ఒక్క మెతుకు తిన్లేదు. దీనికేటయ్యిందో."

"ఏంకాదాంటీ, ఎండదెబ్బ. రేపటికి సర్దుకుంటది," అన్నాడు జావా బావ టీ తాగుతూ.

నేను ఊరికే నిమురుదామని చెవి వెనక చెయ్యి పెట్టాను. పెసరగింజంత బొడిపె తగిలింది. గింజకు కాళ్లున్నాయి. పెదవెత్తి చూస్తే చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. ఒంట్లో నెత్తురు తగ్గిపోయిందన్నమాట. నోరు విప్పితే కుక్క బతకొచ్చు, నా డేటాబేస్ మాత్రం చావడం ఖాయం. చెప్పుకోడానికి సిగ్గుచేటే గానీ, ఒక అరనిమిషం ఆలోచించాను.

"ఆంటీ, ఇది పిడుదు జ్వరంలా ఉంది. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం."

"నీకేటి తెల్సు? నువ్వు కంప్యూటరోడివి కదా?"

"కాదాంటీ. నక్కల పిడుదులు చూడటమే నా పని."

జావా బావ కప్పు కింద పెట్టాడు. "ఒరేయ్, ఆ చేత్తోనేనా రాత్రి పప్పన్నం కలిపింది?"

టాక్సీలో వెళ్లాం. డాక్టరమ్మ నెత్తురు తీసి, నా పని సంగతి విని, నన్నూ మైక్రోస్కోపులో చూడనిచ్చింది. అవే క్రిములు, నా నక్కల్లో రోజూ చూసేవే. తలెత్తితే అద్దం అవతల ఆంటీ, కోపి చెవి వదలకుండా నిలబడి ఉంది. అన్నాళ్లూ నాకవి నంబర్లు. ప్రతి నంబరు వెనకా ఇలాగే ఒళ్లు కాలిపోతూ ఒక నక్క ఏ చెరకుతోటలోనో పడుకుని ఉంటుందనీ, దాన్ని టాక్సీ ఎక్కించేవాళ్లు ఎవరూ ఉండరనీ అప్పుడే తట్టింది.

మందు పడ్డ నాలుగోరోజుకు కోపి లేచి పెరుగన్నం తింది. "మా ఇంట్లో నక్కల డాట్రున్నాడు లా!" అని, చివర సింగపూర్ 'లా' తగిలించి మరీ, ఆంటీ బ్లాకంతా చాటింది. మరుసటి వారం ముగ్గురు ఆంటీలు కుక్కల్ని చంకనేసుకుని వచ్చారు. వాళ్లను వరసలో కూర్చోబెట్టింది జావా బావే.

ఆ మరుసటేడు ల్యాబువాళ్లను బతిమాలి, శాంపిళ్లు తెచ్చే బృందంతో ఇండియా వెళ్లాను. ఒక తెల్లవారుజామున పొలంగట్టు మీద, బతికున్న నక్కను మొదటిసారి చూశాను. అది నన్ను తేరిపార చూసి, వెనక్కాలితో చెవి గోక్కుని, తన దారిన పోయింది. నేను చెయ్యూపాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పూట ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, చాలా మర్యాదగానే ఊపాడు.