జానెడు పడుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి రావాలంటే పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. కరీంనగర్ అవతల నేతవాళ్లు ఎక్కువగా ఉండే చిన్న ఊరు మాది. ఇల్లంటే ఒకటే గది. మగ్గం, పొయ్యి, పడకలు అన్నీ అందులోనే. మిగిలిన చోటంతా మా నాయినమ్మ దాచినవి. అడుగు ఊడిన నూనె డబ్బాలు, చిరిగిన గోనెసంచులు, పుల్లలు విరిగిన గొడుగు, చిక్కుపడ్డ నూలు, ఆఖరికి తెగిన చెప్పులు కూడా. గుమ్మం నుంచి లోపలి మూలదాకా మనిషి ఒడుపుగా దూరేంత సందు మాత్రం ఉండేది.

నాయినమ్మను పిసినారి అనుకోకండి. ఆకలితో వచ్చినవాళ్లకు తన కంచంలోది తీసిపెట్టే మనిషి. నూలు రాక మగ్గాలు ఆగిపోయిన కాలంలో ఇంట్లో గిన్నెలు కూడా అమ్ముకొని బతికిందట. ఆ భయం ఆమెను వదల్లేదు. ఏది పారేయబోయినా "ఉండనీయ్, పనికొస్తది" అనేది. మా అవ్వది, అంటే మా అమ్మది, దానికి పూర్తిగా ఎదురు తీరు. ఆమెకు ఖాళీ నేల కనబడితేనే ఊపిరాడేది. పొద్దున ఊడ్చేటప్పుడు ఏదో ఒకటి పెంటకుప్పకు పంపేది. సాయంత్రానికి నాయినమ్మ దాన్ని ఏరుకొచ్చి మళ్లీ లోపల పెట్టేది. బాపు, అంటే మా నాన్న, మహారాష్ట్రలోని భీవండికి కరెంటు మగ్గాల పనికి పోయాడు కాబట్టి, ఇద్దరి మధ్యా మిగిలింది తాత ఒక్కడే. మాటలు పెరిగినప్పుడల్లా ఆయనకు చెవుడు వచ్చేది.

వానలు పట్టిన రోజులు. మధ్యాహ్నం వాన తెరిపిచ్చిందని పెద్దవాళ్లు ముగ్గురూ వాకిట్లో పని చూసుకుంటున్నారు. నేను గడప మీద కూర్చొని చింతగింజలతో ఆడుకుంటున్నాను. నా కళ్లముందే నల్లటి నాగుపాము ఒకటి గోడవారగా పాకి, లోపల గోనెసంచుల కిందికి దూరింది. తోక మాయమయ్యేసరికి కేక పెట్టాను.

ఆ సంచుల పక్కనే, మూలకు, మా తమ్ముడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. వాడికి ఇంకా మెడ కూడా నిలబడలేదు. దూలానికి కట్టిన చీర ఉయ్యాల అడుగుభాగం ఆ కుప్పకు ఆనుకొని ఉంది. ఇంటికి మరో వాకిలి లేదు.

నా కేక విని అవ్వ లోపలికి ఉరికింది. తాత గుమ్మంలోనే ఆమె రెక్క పట్టుకొని ఆపాడు.

"ఆగు బిడ్డా. గా సందుల కాలు పెడితే పాము మీదనే పడ్తది. సామాను గుంజితే పోరని దిక్కు పోతది."

"మరేం జెయ్యాలె మామా? చూస్కుంట నిలబడాల్నా?"

"ఒక్కొక్కటి తీద్దాం. సప్పుడు కావొద్దు."

అప్పుడు మొదలైంది. తాత ముందు కర్రతో తాకి చూసి, అది కదలకపోతే ఒక వస్తువును మెల్లగా ఎత్తి వెనక్కి అందించేవాడు. అవ్వ అందుకొని నాయినమ్మ చేతికిచ్చేది. నాయినమ్మ వాకిట్లో పెట్టేది. నన్ను ఉయ్యాల దిక్కే చూస్తుండమన్నారు. డబ్బా వచ్చింది. గొడుగు వచ్చింది. ఇంకో డబ్బా వచ్చింది. నాయినమ్మ ఏళ్ల తరబడి దాచిన ప్రతిదీ ఇప్పుడు పిల్లవాడికీ తల్లికీ మధ్య అడ్డంగా నిలబడి ఉంది. "గిది ఎప్పటికి పనికొస్తదత్తా?" అని అవ్వ పళ్ల మధ్య నుంచి అడిగింది. నాయినమ్మ దాన్ని వాకిట్లో పెట్టి, ఇంకోదానికి చేతులు చాపింది.

సగం దారి తెరుచుకుందో లేదో, ఉయ్యాలలో తమ్ముడు కదిలాడు. కాలు తన్నాడు. ఉయ్యాల ఊగి సంచులకు తగిలింది. లోపల నుంచి బుస్సుమని వినబడింది. తాత చేయి గాలిలోనే ఆగిపోయింది. తమ్ముడు ఏడుపు అందుకోబోతుంటే అవ్వ ఉన్నచోటనే నిలబడి, కళ్లనిండా నీళ్లతో జోలపాట మొదలుపెట్టింది. మధ్యలో "ధర్మపురి నర్సింహస్వామీ" అని మొక్కుకొని మళ్లీ పాడింది. అంత భయపడుతూ పాడిన పాట నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

వాడు సద్దుమణిగాడు. కాసేపటికి పాము సంచుల కింద నుంచి తల బయటపెట్టి, పడగ దించి, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి జారిపోయింది. తాత, నేసేటప్పుడు కూర్చునే చెక్కను కర్రతోనే జరిపి గుంటను మూసేశాడు. అవ్వ ఒక్క ఉరుకున పోయి తమ్ముణ్ణి ఎదకు హత్తుకుంది. తర్వాత పక్కింటివాళ్లు వచ్చి పామును ఒక కుండలోకి ఎక్కించి, వాగు అవతల వదిలేసి వచ్చారు. ఆ కుండ నాయినమ్మ దాచిందే. పనికొచ్చింది కదా అనే ధైర్యం మాత్రం ఆ రోజు ఆమెకు లేదు.

భయం తగ్గగానే అవ్వకు కోపం ముంచుకొచ్చింది. తమ్ముణ్ణి నా ఒళ్లో పెట్టి, వాకిట్లోని సామానంతా కుప్పేసి, కిరసనాయిలు సీసా తెచ్చింది. ఇంట్లో మిగిలినవీ ఈడ్చుకొచ్చింది. గోడకు వేలాడుతున్న మగ్గం అచ్చు కూడా తీసుకొచ్చింది. అచ్చంటే పడుగు దారాలు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, ఒక్కొక్కటిగా దూరే దువ్వెనలాంటి చట్రం. దానికి అయిపోయిన పడుగు కొసలు బారెడు పొడుగున, చిక్కుబడి వేలాడుతున్నాయి. మంచి నూలు కోయబుద్ధికాక నాయినమ్మ అలాగే ఉంచింది.

"కాలవెట్టు బిడ్డా, అన్ని కాలవెట్టు" అని నాయినమ్మ నేల మీద కూలబడింది. "నా మనుమడు బతికిండు. గది సాలు."

ఆ మాట వినేసరికి నాకు ఏడుపొచ్చింది. పాము దూరినప్పటికంటే ఇప్పుడే ఇల్లు విరిగిపోతున్నట్టు అనిపించింది.

తాత వచ్చి అవ్వ చేతిలోంచి అచ్చు తీసుకున్నాడు. కత్తెర తెమ్మన్నాడు. వేలాడుతున్న కొసలను జానెడు మాత్రం ఉంచి, మిగతాది కత్తిరించి, దీపం వత్తులకని నాయినమ్మ ఒళ్లో వేశాడు.

"కొత్త పడుగు దేనికి అతుకుత బిడ్డా? గీ కొసలకే. గివి కాలవెడితే మగ్గం పండుకుంటది, మన పొయ్యి పండుకుంటది. అట్లని బారెడు ఉంచుకుంటే గిదే చిక్కు. జానెడు సాలు."

తర్వాత కుప్పలోంచి ఒక డబ్బా తీసి నాయినమ్మ ముందు పెట్టాడు. "దీనికి ఏం అతుకుతవ్?" అని అడిగాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తనే అవతలికి నెట్టేసింది. గోనెసంచికి మాత్రం "పోరని కింద పరుస్త" అని చెప్పి ఉంచుకుంది. అవ్వ పారేయబోయిన ఇత్తడి చెంబుకూ అదే ప్రశ్న వచ్చింది. చిల్లు పూడ్పిస్తే నీళ్లకు పనికొస్తుందని అవ్వే ఒప్పుకుంది. కుప్ప అడుగున తాత దాచుకున్న బీడీల డబ్బా బయటపడింది. "మరి దీనికేం అతుకుతవ్?" అని నాయినమ్మ అడిగితే ఆయనకు మళ్లీ చెవుడొచ్చింది. ఆ రోజు అవ్వ మొదటిసారి నవ్వింది, నవ్వుతూనే అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. మనుమరాలు తక్కువ వస్తువులతో బతకాలని ఫోన్‌లో వీడియోలు చూసి, బాగున్నవన్నీ పారేసి, నెల తిరక్కుండా అవే కొత్తవి తెప్పిస్తుంది. నేనేమో పెరుగు డబ్బాలు కడిగి దాచబోతాను. ఇద్దరం ఒకరికొకరం దొరికిపోతాం. "దీనికి ఏం అతుకుతం?" అని ఒకరినొకరం అడిగి, కొన్ని ఉంచుకుంటాం, కొన్ని వదిలేస్తాం.

మొన్న మా తమ్ముడు తన మనుమణ్ణి ఎత్తుకొని వచ్చాడు. నెలల పిల్లవాడు. లోపలి గదిలో పడుకోబెట్టారు. అందరూ మాటల్లో పడ్డాక నేను లేచి గుమ్మంలో నిలబడి, అక్కణ్నుంచి వాడి పక్కదాకా ఒకసారి చూశాను. నడుమ ఒక కుర్చీ ఉంది. దాన్ని పక్కకు జరిపాక గాని నా మనసు కుదుటపడలేదు.