చెట్టా, నిచ్చెనా?

మా ఆసుపత్రిలో నాది మెడికల్ కోడింగ్ ఉద్యోగం. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కేస్ షీట్లు చదివి, దెబ్బ ఎక్కడ తగిలింది, ఎలా తగిలింది అన్నవాటికి కోడ్లు వేసి ట్రామా రిజిస్ట్రీలో, అంటే ప్రమాద గాయాల రికార్డులో, ఎక్కించాలి. విజయవాడలో మా బంధువులకు మాత్రం "కంప్యూటర్ పని" అని చెప్పి ఊరుకుంటాను.

ఒక మామిడికాయల సీజన్‌లో మైలవరం వైపు రైతు కేసు నా దగ్గరికి వచ్చింది. మామిడితోటలో కిందపడి మెడ దగ్గర వెన్నుపాము నలిగింది. కాళ్లు కదులుతున్నాయి, చేతులే లేవడం లేదు. అంతవరకూ డాక్టర్లు చక్కగా రాశారు. కారణం దగ్గర మాత్రం "ఎత్తు నుంచి పడ్డాడు" అని వదిలేశారు. చెట్టు మీది నుంచి పడితే ఒక కోడు, నిచ్చెన మీది నుంచి పడితే ఇంకొకటి. అడిగి తెలుసుకుందామని వార్డుకు వెళ్లాను.

ఆయన మెడకు పట్టీతో పడుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద భార్య బత్తాయి ఒలుస్తోంది.

"ఎక్కడి నుంచి పడ్డారండీ?"

"నిచ్చెన మీంచి," అన్నాడాయన.

"చెట్టు మీంచి," అంది ఆవిడ తలెత్తకుండానే.

ఆయన నిచ్చెనెక్కి కాయలు కోస్తుంటే, కింద దాన్ని పట్టుకున్నది ఈవిడేనట.

"ఫోను మోగిందని నిచ్చెన వదిలేసిందమ్మా. వాళ్ల అక్కతో మాట్లాడాలంట!"

"అప్పటికే ఈయన రెండు కాళ్లూ కొమ్మ మీదేశారు. అందని కాయ కోసం పాకమని నేను చెప్పానా?"

"పోలీసు కేసేం కాదండీ, రికార్డు కోసం," అన్నాను సర్దిచెబుతూ. రికార్డు అనగానే ఇద్దరికీ పట్టుదల పెరిగింది. పక్క మంచం పేషెంటు నిచ్చెన పక్షం, వాళ్లావిడ చెట్టు పక్షం చేరారు.

"ఇదే వదిలేసిందని రాయమ్మా!" అంటూ ఆయన కోపంగా చెయ్యెత్తి భార్యను చూపించాడు.

అందరూ ఆ చేతివైపే చూశారు. ఆసుపత్రిలో చేరాక ఆ చెయ్యి పైకి లేవడం అదే మొదలు. ఆయన కూడా దానివైపే వింతగా చూస్తున్నాడు.

బత్తాయి ఆవిడ ఒళ్లోంచి జారి దొర్లిపోయింది. "ఏమండీ, ఇంకోసారి తిట్టండి," అంది ఏడుస్తూ.

ఆవిడ కళ్లు తుడుచుకుని, "నిచ్చెనే రాసుకో అమ్మా. నేనే వదిలేశాను," అంది.

"దాని మాట వినకు. చెట్టే. రెండు కాళ్లూ కొమ్మ మీదే ఉన్నాయి," అన్నాడాయన.

"కాదు, నిచ్చెనే!"

"చెట్టంటే చెట్టే!"

నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది. నేను కిందికి వచ్చేశాను.

"తేలిందా?" అన్నారు మా సూపర్‌వైజర్.

"ఇద్దరూ పార్టీలు మారారు సార్," అన్నాను.

కాళ్ల సంగతి ఆయనే ఒప్పుకున్నాడు కనుక చెట్టు కోడే వేశాను. డిశ్చార్జి నాటికి ఆయన స్పూనుతో తన అన్నం తాను తింటున్నాడు. ఆవిడ మాత్రం నన్ను పక్కకు పిలిచి దిగులుగా అడిగింది:

"ఆవకాయన్నం స్పూనుతో తింటే ఏం రుచమ్మా?"