గోడ వెనక కుండీ

నర్సరీలో పెద్దకోడలు రోజూ ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడుస్తుంది. దుమ్ము పడితే ఆకుకి వెలుతురు అందదంటుంది. అయినా కొనేవాళ్ళు తోడికోడలి మొక్కలే అడుగుతారు. కడుపుమంట ఆగక ఒకరోజు పెద్దకోడలు, తోడికోడలు ముద్దుగా పెంచే మొక్క కుండీని గోడ వెనక నీడలోకి నెట్టేసింది. నెల తిరిగేసరికి ఆ మొక్క, దొరికిన కాస్త వెలుతురునే పట్టుకోవడానికి, అరచేయంత వెడల్పైన పల్చటి ఆకులు వేసింది.

"పోయిందనుకున్నా అక్కా! ఇక్కడ పెట్టి సాకావా? నీ చెయ్యి పడితే ఇంక చెప్పేదేముంది!" అని మురిసిపోయింది తోడికోడలు.

"ఆ, నా చెయ్యే," అంది పెద్దకోడలు పళ్ళు నూరుతూ.

తోడికోడలు అటు వెళ్ళగానే పెద్దకోడలు కుండీని ఎండలోకి లాగింది. ఒక్క మధ్యాహ్నం చాలు, అంత పల్చటి ఆకులు మాడిపోతాయి. కాసేపు చూసింది. గుడ్డ తడిపి, ఆకులన్నీ తుడిచి, మళ్ళీ నీడలోకే జరిపింది. సాయంత్రం తన కుండీ ఒకటి తెచ్చి దాని పక్కనే పెట్టింది.