శరణమ్మ పెద్దమ్మ చాయ్ పంచాయితీ

మొన్న మా వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద దుకాణంలో ఒక అమ్మాయి నన్ను ఆపి, చిన్న కాగితపు కప్పులో పాలు కలపని టీ పోసి చేతిలో పెట్టింది. ఆవిరి ముక్కుకు తగలగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తడి గడ్డి వాసన, దాని వెనక వేయించిన శనగల వాసన. "ఎలా ఉందాంటీ?" అని నవ్వుతూ అడిగింది. పాపం, అడగకుండా ఉండాల్సింది. "ఆకు మంచిదేనమ్మా, కాని మరీ ఎక్కువసేపు నీళ్లలో ఉంచావు. మొదట తీపి తగులుతోంది, మింగాక నాలుక వెనక ఆరిపోతోంది. డబ్బా పక్కన అగరుబత్తులేమైనా పెట్టారా? ఆ వాసన కూడా పట్టింది" అన్నాను. పిల్ల తెల్లబోయింది. వెనక నిలబడ్డ మా కోడలు "బాగుందని చెప్పేసి రండి అత్తయ్యా, బిల్లు కట్టాలి" అని నా కొంగు లాగింది. బాగుందట! ఆ ఒక్క మాట నా నోట రాకుండా చేసి నలభై ఏళ్లు దాటింది. చేసినావిడ పేరు శరణమ్మ.

ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ నమ్మరుగానీ, నా పెళ్లిచూపుల్లో మా అమ్మ "మా సుజాత నోట్లో నాలుక లేని పిల్ల" అని గర్వంగా చెప్పుకుంది. నిజమే. పప్పులో ఉప్పు లేకపోయినా బాగుంది, చీర రంగు చూస్తే కళ్లు తిరిగినా బాగుంది. ఏది కావాలని అడిగితే మీ ఇష్టం. డెబ్బైల మధ్యలో అలాంటి పిల్లనే మా ఆయన జహీరాబాద్ తీసుకొచ్చి కాపురం పెట్టారు. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. మేం అద్దెకు దిగింది బొంబాయి రోడ్డుకు కాస్త లోపల, శరణమ్మగారి ఇంటి ముందరి రెండు గదుల్లో.

ఆమె బీదర్ వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మరిది వీరన్న, అతని ఇద్దరు కొడుకులు, అంతా ఒకటే పొయ్యి. ఊరి బయట చెరకు, అల్లం పొలాలు, బజారులో చాయ్‌పత్తి దుకాణం. పిల్లల్లేని విధవరాలి మాట ఉమ్మడి ఇంట్లో ఎంత చెల్లుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో మాత్రం ఏ చేను కౌలుకివ్వాలన్నా, ఏ పిల్లకు ఎక్కడ సంబంధం చూడాలన్నా ఆమె "సరే" అన్న తర్వాతే. ఎందుకంటే ఆ దుకాణం నడిచేది ఆమె నాలుక మీద. అప్పట్లో చాయ్‌పత్తి పొట్లాల్లో కాదు, లోపల వెండి కాగితం అతికించిన చెక్కపెట్టెల్లో వచ్చేది. హైదరాబాద్ వర్తకులు ముందుగా చారెడు చారెడు మచ్చు పంపేవారు. ఏది కొనాలో, దేంతో ఏది ఎంత కలపాలో ఇంట్లో కూర్చుని తేల్చేది శరణమ్మ పెద్దమ్మ.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచింది. నడవాలో కిటికీ వెలుతురు పడేచోట తెల్లబట్ట పరిచి, దాని మీద వరుసగా ఆకు కుప్పలు, ఒక్కో కుప్ప ముందు ఒక్కో తెల్ల పింగాణీ కప్పు. ఆమె కాస్త ఆకు అరచేతిలో వేసుకుని, దాని మీద నోటితో వేడి ఊపిరి ఊది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత కప్పెత్తి చాయ్‌ని ఎంత గట్టిగా జుర్రిందంటే నేను ఉలిక్కిపడ్డాను. మా ఇంట్లో ఆడపిల్ల అలా చప్పుడు చేస్తే వీపు పగిలేది. తాగినదాన్ని పక్కనున్న ఇత్తడి గిన్నెలో ఉమ్మి, "నువ్వు తాగు. సప్పుడు గావాలె. సప్పుడు లేకుంటె వాసన ముక్కుదాంక పోదు" అంది. సిగ్గుతో చచ్చిపోతూ తాగాను. ఎట్లున్నదని అడిగింది. ఇంకేమంటాను, బాగుందన్నాను.

"బాగున్నదంటె ఏంది పిల్లా? పెండ్లి బాగున్నది, చెప్పులు బాగున్నయ్, చాయ్ బాగున్నది. గీ మూడింట్ల ఒకటే రుచి ఉన్నదా? నాకు మంచిగనిపియ్యాల్నని జెప్పకు. నీ నోట్ల ఏమైతున్నదో గది జెప్పు."

నా నోట్లో ఏమవుతోందో అంతవరకు నన్నెవరూ అడగలేదు. తడబడుతూ, "పచ్చి జామకాయ కొరికినట్టున్నది పెద్దమ్మా" అన్నాను. ఆమె మొహం విప్పారింది. "ఆఁ! గట్లనాలె!" అని నా వీపు మీద ఒకటి చరిచింది. ఆ దెబ్బకు నాకు పట్టాభిషేకం జరిగినంత సంతోషం కలిగింది.

ఆ తర్వాత మచ్చు వచ్చిన ప్రతిసారీ నాకు పిలుపొచ్చేది. దవాఖానలో నర్సుగా పనిచేసే మేరీ సిస్టర్, బడిపంతులు భార్య కమలాబాయి కూడా వచ్చేవారు. కమలాబాయి మరాఠీ మనిషి, ఆమె తెలుగులో సగం మరాఠీయే. మా ఆయన దీనికి చాయ్ పంచాయితీ అని పేరు పెట్టారు. పెద్దమ్మ మాకు ఏ ఆకు ఎక్కడిదో చెప్పేది కాదు. అస్సాందా, నీలగిరిదా, ధర ఎక్కువా తక్కువా, ఏమీ చెప్పదు. ముందు ఉత్త డికాక్షన్, తర్వాత పాలతో. ఒకరు చెప్పింది విని ఇంకొకరు తల ఊపితే ఊరుకునేది కాదు. "మేరీ నోరు మేరీది. నీ నోరు యాడ పెట్టినవ్?" అనేది. నేనూ పెద్దమ్మా ఒక కప్పు దగ్గర గొడవపడ్డ రోజులున్నాయి. నాతో వాదించి ఓడిపోయిన రోజున ఆమెకున్న ఆనందం చూడాలి, గెలిచిన రోజున కూడా అంత ఉండేది కాదు.

ఆ ఇంట్లో ఇంకో రివాజు ఉండేది. పెళ్లికో జాతరకో పెద్ద ఎత్తున చాయ్‌పత్తి కావాల్సినవాళ్లు తమ బావి నీళ్లు తెచ్చివ్వాలి. కోహీర్ నీళ్లలో రంగు దిగిన ఆకు ఝరాసంగం నీళ్లలో నల్లబడి చప్పబడుతుందని, ఎవరి నీళ్లకు తగ్గట్టు వాళ్లకు కలపాలని ఆమె పట్టు. ఒకసారి ఝరాసంగం వైపు నుంచి ఒక రైతు కూతురి పెళ్లికని వచ్చి, ఇత్తడి చెంబు ముందు పెట్టాడు. పెద్దమ్మ ఆ నీళ్లు గుక్కెడు తాగి అతని మొహంలోకి చూసింది. "ఇవి మా గల్లి బోరింగ్ నీళ్లు గద పటేలా?" అంది. ఆ పెద్దమనిషి తల వంచుకున్నాడు. "మా నీళ్లు ఉప్పగుంటయ్ అవ్వా. గంత పెద్దింటికి ఉప్పునీళ్లు ఎట్ల తేవాలె? జర షరమనిపిచ్చింది. అందుకే ఈడ్నె పట్టిన." నేను నవ్వబోయాను. పెద్దమ్మ నవ్వలేదు. "నీ బిడ్డ పెండ్లికొచ్చెటోళ్లు తాగేది ఆ ఉప్పునీళ్లే గద అయ్యా. నీళ్లకు షరమెందుకు? రేపు మల్ల తే, నేనుంట" అంది. వెళ్లేముందు అతనికి అన్నం పెట్టించింది.

నాకు నోరు వచ్చిందని ముందుగా కనిపెట్టింది మా ఆయన. ఒకరోజు ఆయన ఎంతో ముచ్చటపడి కొనుక్కొచ్చిన చీర చూసి, "నేత మంచిగున్నదిగాని ఈ పచ్చ నాకు నచ్చలేదు, మార్చుకొస్త" అన్నాను. ఆయన "శరణమ్మ ఇంట్ల కిరాయికి దిగుడు నాదే తప్పు" అన్నారు. అన్నారేగాని, బట్టల దుకాణానికి తోడు వచ్చారు. తర్వాత ఏది కొన్నా నన్ను అడగకుండా కొనలేదు.

ఎనభైలు వచ్చాయి. వీరన్న పెద్దకొడుకు శివరాజ్ దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. రంగురంగుల పొట్లాల కంపెనీల వాళ్లు వచ్చి అతనికి ఆశలు పెడుతుండేవారు. "పెద్దమ్మ ఎప్పుడు తాగాలె, ఎప్పుడు చెప్పాలె? పాకీట్లు తెచ్చి తగిలిస్తె అయిపోతది గద బాపూ" అని తండ్రితో అనడం నేనే విన్నాను. వీరన్న ఒకటే అనేవాడు. "వదినె నాలుక ఒక్కసారన్న తప్పిందా? తప్పిననాడు జూద్దాం." అంటే ఆ నాలుక ఒక్కసారి తప్పితే చాలు, దుకాణమే కాదు, ఆ ఇంట్లో ఆమె మాట కూడా అంతటితో సరి. ఆ సంగతి అందరికన్నా బాగా ఆమెకే తెలుసు.

ఆ ఏడు శ్రావణంలో పెద్దమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. ముక్కు దిబ్బడ, ఒళ్లు పులపరం, మంచం దిగలేదు. మేరీ సిస్టర్ రోజూ వచ్చి సూదులు వేసింది. తగ్గిందిగాని మనిషి సగమైంది. చలికాలంలో చెరకు నరికే కూలీలతో, లారీలవాళ్లతో ఊరు నిండిపోతుంది, చాయ్ అమ్మకం అంతా అప్పుడే. దసరా వెళ్లగానే మచ్చులొచ్చాయి. మమ్మల్ని పిలిచారు. ఎప్పుడూ లేనిది ఆ రోజు వీరన్న, శివరాజ్ కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు.

పెద్దమ్మ ఎప్పటిలాగే ఊదింది, జుర్రింది, ఉమ్మింది. మూడు కప్పులు అయ్యాక మొదటిదాన్ని ముందుకు జరిపి "రంగు జూసిన్రా, ఇది తీస్కో వీరన్నా" అంది. మేం తాగాం. నా నోట్లో గుక్క అలాగే నిలిచిపోయింది. పచ్చి అల్లం! దాని కింద తడిసిన గోనెసంచి కంపు. ఎవరో ఆ మచ్చును అల్లం బస్తాల గదిలో పెట్టి ఉంటారు. ఉల్లిగడ్డల పక్కన ప్రయాణం చేసిందని ఒకప్పుడు పెట్టెకు పెట్టెనే తిప్పి పంపిన మనిషి, ఇది తీసుకొమ్మంటోంది. మేరీ సిస్టర్ నా వైపు చూసింది, నేను కమలాబాయి వైపు చూశాను. శివరాజ్ మా మొహాల్నే చూస్తున్నాడు.

"బాగున్నది శరణమ్మా" అంది మేరీ సిస్టర్, నేల చూస్తూ. "హో, బాగుంది బాగుంది" అంది కమలాబాయి.

పెద్దమ్మ చేతిలోని కప్పు కింద పెట్టేసింది. మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది. ఆమె మొహం అలా పాలిపోవడం నేను జ్వరంలో కూడా చూడలేదు. "మా ఇంట్ల ఈ మాట ఎన్నడన్న ఇన్నమా?" అంది చిన్నగా. తర్వాత నా వైపు తిరిగింది. "సుజాతా, నువ్వు జెప్పు. నా మొకం జూడకు. కప్పు జూస్కొని జెప్పు."

నేను చెప్తే ఆమె మాట పోతుంది. చెప్పకపోతే, ఆమె నాకిచ్చిన నోరు ఇంకెందుకు? కప్పు వైపే చూస్తూ చెప్పాను. "పచ్చి అల్లం వాసన పెద్దమ్మా. కింద తడి గోనె వాసన. రంగు మంచిగున్నది, చాయ్ మంచిగలేదు."

శివరాజ్ నిటారుగా కూర్చున్నాడు. వీరన్న మెల్లగా, "వదినె, నీకు వాసన తెలుస్తలేదా?" అన్నాడు.

"తెలుస్తలేదు" అంది పెద్దమ్మ. "శ్రావణం సంది తెలుస్తలేదు. ఇయ్యాల వస్తది, రేపొస్తదని ఎవ్వరికి చెప్పలే. రాలే." ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఇక లేచి లోపలికి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. మొదటి కప్పు ఎత్తి ఇత్తడి గిన్నెలో పారబోసి, రెండోది నా ముందుకు తోసింది. "ఇది తాగు. తీపు ముందుగాల దెలుస్తుందా, మింగినంక దెలుస్తుందా?"

"మింగినంక."

"మేరీ, నాలుకను పట్టుకుంటుందా, జారిపోతుందా? కమలా, పాలు పోసి జూడు, రంగు ఇటుకలెక్క వస్తుందా, మట్టిలెక్క వస్తుందా? నువ్వెందుకు ఊకె కూసున్నవ్ శివరాజూ, నువ్వు గూడ తాగు. సప్పుడు గావాలె."

అడుగుతూనే ఉంది. మేం చెప్తూనే ఉన్నాం. ఎవరి మాట తడబడితే వాళ్లను మళ్లీ తాగించింది. ఆమె కళ్లు మూసుకుని తల కొద్దిగా పక్కకు వంచి వింటుంటే, మా మాటల్ని ఒక్కొక్కటే రుచి చూస్తున్నట్టే ఉంది. చివరికి కళ్లు తెరిచి, "మూడోది తీస్కో. దాంట్ల నాల్గో వంతు రెండోది కలుపు, లేకుంటె ఝరాసంగం నీళ్లల్ల సప్పబడ్తది" అంది. కలిపి తెప్పించి, మళ్లీ మా అందరిచేతా తాగించింది. నా మట్టుకు నేను ఆ ఇంట్లో అంతకన్నా మంచి చాయ్ తాగలేదు. శివరాజ్ కప్పు ఖాళీ చేసి, ఉమ్మడం మరిచిపోయి మింగేశాడు.

"నాలుక పోయింది గద వీరన్నా, ఇగ మీ ఇష్టం" అంది ఆమె.

వీరన్న మా ముగ్గురినీ, శివరాజ్‌నూ ఒకసారి చూశాడు. "ఏం పోయింది వదినె? ఒకటి పోయి నాలుగైనయ్ గద" అని లేచి, "నడువ్ రా, నాల్గో వంతన్నది, యాది పెట్టుకో" అని కొడుకును వెంటపెట్టుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. అప్పుడు ఏడ్చాం మేం నలుగురం, సిగ్గు లేకుండా.

ఆమెకు వాసన మళ్లీ రాలేదు. మాకు బదిలీ అయ్యేదాకా చాయ్ పంచాయితీ అలాగే నడిచింది, ఆమె మాట కూడా. దుకాణంలో పొట్లాలు వేలాడాయి, వాటి పక్కనే ఆమె కలిపించిన చాయ్‌పత్తి కూడా అమ్ముడుపోయింది. ధైర్యం అంటే ఎవరేం చెప్పినా నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది. ఉన్నదంతా పోయిందని నలుగురి ముందు ఒప్పుకున్న మనిషి, ఆ మరుక్షణమే రెండో కప్పు ముందుకు తోసింది. అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బదిలీ అయ్యాక ఒకసారి ఆమెను చూడటానికి వెళ్లాను. చాలా పెద్దదైపోయింది. ఇంట్లో అందరూ పొలానికి పోయారు. చాయ్ పెట్టి ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. "ఇగ జెప్పు" అంది. చెప్పడం మొదలుపెట్టాను. కాస్త పొగ వాసన, ఎండిన ద్రాక్ష తీపు, పాలు కొద్దిగా అడుగంటినయ్ పెద్దమ్మా, ఆఖరుకు ఇంత చేదు... ఉత్సాహంలో గబగబా చెప్పుకుపోతుంటే ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"మెల్లగ బిడ్డా. నేనింక మొదటి గుక్కలనే ఉన్న."

ఇప్పటికీ పొద్దున్నే చాయ్ ముందు కూర్చుంటే ఆ రుచి పైకే చెప్పుకుంటాను. "ఎవరికత్తయ్యా చెప్తున్నారు?" అంటుంది కోడలు. మా పెద్దమ్మకు అంటాను. తొందరపడను, మెల్లగానే చెప్తాను.